సున్నం ఎక్కువైన కిళ్ళీ

ఆయనే చుట్టుకుంటానని చెప్పాడా మీతో? అబద్ధం డాక్టరమ్మా. పచ్చి అబద్ధం. ఆ మనిషికి తమలపాకు ఈనె తియ్యడమే రాదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో తన కిళ్ళీ తను చుట్టుకున్న రోజు ఒక్కటి చూపించమనండి, ఈ కుర్చీలోంచి లేచి ఇటునుంచిటే తుష్నాబాద్‌లో మా ఇంటిదాకా నడిచిపోతాను.

నేను చుడతాను. ఈ చేతుల్తోనే. రోజూ.

ఎందుకు అబద్ధమాడాడంటే నాకేటి తెలుసు? మీరే అడగండి, ఎక్స్‌రే నుంచి వచ్చాక. లైను చాలా ఉందిలెండి అక్కడ, చూసే వచ్చాను. ఈలోగా ఏం కావాలన్నా నన్నడగండి. ఆయన్నడిగితే ఏం లాభం? 'ఊఁ' అంటాడు. కన్నారావుగారూ నొప్పిగా ఉందా? ఊఁ. ఎన్నాళ్ళయింది? ఊఁ. మా ఇంట్లో ఆ ఒక్క మాటతోనే సంసారం నడిచింది.

బయట బోర్డు మీద మీ పేరు హిందీలో చదివాను, జాహ్నవి అని. మనవాళ్ళేనని అప్పుడే అనుకున్నాను. నాకు తెలుగు మాట్లాడ్డమే వచ్చు, చదవడం రాదు. ఇక్కడే, ఈ దీవుల్లోనే పుట్టాను కదా, బడంతా హిందీలోనే. సరే, అడగండి.

ఖైనీనా? మళ్ళీ అదేనా? చీటీ రాసే భయ్యా అడిగాడు, నర్సు దీదీ అడిగింది, ఇప్పుడు మీరు. వెయ్యడమ్మా. బీడీ లేదు, గుట్కా లేదు, సుఖా పొగాకు లేదు. గోడ మీద ఆ బొమ్మలొకటి, కుళ్ళిపోయిన నోళ్ళు. గంటసేపు వాటికెదురుగా కూర్చోబెట్టారు మమ్మల్ని. జబ్బుందో లేదో చెప్పకముందే మనిషిని సగం చంపేస్తారా మీరు? మా ఆయన ఆ బొమ్మల్ని చూసి తన బుగ్గ తడుముకున్నాడు. నాకెలా ఉంటుంది?

బుగ్గలో ఆ పుండు పన్ను గీసుకుని అయ్యుంటుందని మీరే కదా అన్నారు. వెనక దవడ పన్ను విరిగింది, నిజమే. అన్నంలో రాయి వచ్చి విరిగింది, కానీ అది నాలుగేళ్ళ కిందట. నాలుగేళ్ళు గీసుకోనిది ఇప్పుడు గీసుకుంటుందా? నిద్దట్లో బుగ్గ కొరుక్కోడు. టీ చల్లార్చుకునే తాగుతాడు. కారమంటారా, మేం తినేదే తింటాడు.

కిళ్ళీ ఒక్కటే. మా పెరట్లో పోకచెట్లున్నాయి, పదకొండు. ఆకు పక్కింటి తీగది. సున్నం బజార్లో డబ్బా.

ఏటి, ఏటన్నారు? కాలినట్టుందా? సున్నంతో కాలినట్టుందా?

అలా నా వంక చూడకండి డాక్టరమ్మా.

సరే. చెప్తాను. తలుపు కొంచెం దగ్గరగా వెయ్యమనండి ఆ దీదీని.

నేనే. నేనే ఎక్కువ పెట్టాను. కళ్ళు కనపడక కాదు, చెయ్యి జారీ కాదు. కావాలని పెట్టాను. ఒకరోజు కాదు, పదకొండు రోజులు. మామూలుగా చిటికెన వేలి కొసతో ఇలా రాస్తాం కదా, నేను చూపుడు వేలితో తీసి రాశాను. ఆకు తెల్లబడిపోయేది.

చంపుదామనా? మీరు భలే అడుగుతారు. మాట్లాడతాడని.

నవ్వకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది చెప్తుంటేనే.

ఆయన వండూర్ జెట్టీలో సర్కారీ బోటు మీద సరంగు, నడిపేది ఆయనే. టూరిస్టుల్ని దీవికి తీసుకెళ్ళి తీసుకొస్తాడు. ఒకసారి మా చెల్లెలి మొగుడూ పిల్లలూ ఊరినుంచి వస్తే నేనూ ఎక్కాను ఆ బోటు. అక్కడ చూడాలమ్మా ఈయన్ని. మైకు అక్కర్లేదు. అదిగో పగడాలు, ఇదిగో చిలకచేప, అలల్లో వాంతి రాకుండా దూరంగా చూడండి, పాపా ఆ కడ్డీ పట్టుకో. హిందీలో, బెంగాలీలో, తెలుగులో. జనం నవ్వుతున్నారు. నేను ఒక మూల కూర్చుని, ఎవరి మొగుడు ఈయన, అనుకున్నాను.

ఇంటికొచ్చాక ఊఁ.

కూరలో ఉప్పు మరిచిపోతే కనుబొమ్మ లేపుతాడు. అంతే. మా భాను డిగ్రీ పాసైన రోజు దాని తలమీద చెయ్యి పెట్టి ఊఁ అన్నాడు. అది ఏడ్చింది, నాన్నకి సంతోషంగా లేదా అమ్మా అని. ఉందే, ఉంది, ఆయనంతే అని నేనే సర్దిచెప్పాను. అన్నేళ్ళూ నేనే సర్దిచెప్పాను అందరికీ.

పోనీ, అలవాటైపోయింది. గోడతో మాట్లాడినట్టు మాట్లాడుకున్నాను. కానీ పోయిన నెల ఏమైందో తెలుసా?

బస్సులో మా వీధి బుల్లమ్మ, నా పక్కన కూర్చుని, అంతమందిలో, "ఏమే కాసులమ్మా, మీ ఆయన క్యాంప్‌బెల్ బే పోతున్నాడంట కదా, రెండేళ్ళ డ్యూటీకి" అంది. నాకేటో అర్థం కాలేదు. ఇష్టమున్నవాళ్ళు పేరివ్వండని ఆఫీసులో అడిగారంట. ఈయన ఇచ్చాడంట. ఎవరూ బలవంతపెట్టలేదు డాక్టరమ్మా. తనంతట తనే. అక్కడికెళ్ళాలంటే షిప్పులో రెండు రోజులు. సముద్రం బాగోలేకపోతే షిప్పే లేదు.

బుల్లమ్మకి తెలుసు. బుల్లమ్మ మొగుడికి తెలుసు. జెట్టీలో టీ కాచేవాడికి తెలుసు. నాకు తెలీదు. నేనేమన్నానో తెలుసా బస్సులో? "అవును, నాకు మొన్నే చెప్పాడు" అన్నాను. మొహం మీద నవ్వు పెట్టుకుని.

మీకు పెళ్ళయిందా? కాలేదా. పోనీలెండి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. వరండాలో కూర్చుని చెయ్యి చాపాడు. రోజూ అలాగే చాపుతాడు, నేను కిళ్ళీ పెడతాను. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని నిలబడి చూశాను. చెయ్యి అలాగే చాపుకుని రోడ్డు వంక చూస్తున్నాడు. లోపలికెళ్ళి సున్నం రాశాను.

నోరు మండితే తిడతాడు కదా. 'ఏటే ఇది, కళ్ళు దొబ్బాయా' అంటాడు కదా. అను. అంటే నేనూ అంటాను. క్యాంప్‌బెల్ బే సంగతి అప్పుడు బయటికొస్తుంది. ఒక్క తిట్టు కావాలి నాకు, అంతే. తిట్టు కోసం పెట్టాను.

తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను తలుపు చాటునుంచి చూస్తున్నాను. కొళాయి దగ్గరకెళ్ళి పుక్కిలించాడు. వచ్చి కూర్చున్నాడు. అన్నం పెట్టాక రెండోది అడిగాడు, చెయ్యి చాపి.

అరే, మనిషా మానా?

మర్నాడు ఇంకొంచెం ఎక్కువ రాశాను. తిన్నాడు. ఆ మర్నాడు తిన్నాడు. నాకు పంతం వచ్చేసింది. నువ్వెంత మొండివాడివో నేనూ చూస్తానన్నాను మనసులో. పదకొండు రోజులు, రోజుకి రెండు లెక్కన, ఆ ఎడమ బుగ్గలోనే నొక్కి పెట్టుకున్నాడమ్మా. కుడి పక్కకి మార్చుకుందామన్న ఆలోచన కూడా లేదు.

పన్నెండో రోజు చెయ్యి చాపలేదు. "వద్దు కాసులూ, బుగ్గ మండుతోంది" అన్నాడు.

నోరు తెరవమన్నాను. చూస్తే తెల్లగా తోలు లేచిపోయి ఉంది లోపల, దాని కింద ఎర్రగా. వెన్నపూస రాశాను. కొబ్బరినూనె రాశాను. ఉప్పునీళ్ళు గోరువెచ్చగా పట్టించాను. తేనె రాయమంది బుల్లమ్మ, రాస్తే కెవ్వుమన్నాడు. తేనె రాయకూడదా? రాసింది ఒక్కసారేలెండి. నాలుగు రోజులు పెరుగన్నమే పెట్టాను.

ఆ నాలుగు రోజులే డాక్టరమ్మా. అక్కడే వచ్చింది చిక్కు.

మాట్లాడ్డం మొదలెట్టాడు.

మొదటి రోజు వరండాలో ఊరికే కూర్చున్నాడు. చేతులు ఏం చెయ్యాలో తెలీనట్టు కుర్చీ మీద కొట్టుకున్నాడు. తర్వాత, "ఇవాళ బోటులో ఒక ముసలాయన నీళ్ళు చూసి ఏడ్చాడే" అన్నాడు. నాకు వినపడిందో లేదో అనుకున్నాను. టీవీ ఆపాను. ఎందుకేడ్చాడన్నాను. చెప్పాడు. పెళ్ళాంతో కలిసి రావాలనుకున్నాడంట ఆ ముసలాయన, ఆవిడ లేదంట ఇప్పుడు. అది మొదలు. వాళ్ళమ్మ గురించి చెప్పాడు. సునామీ రోజున తను బోటు లోతు నీళ్ళలోకి ఎలా తీసుకుపోయాడో చెప్పాడు. ఇన్నేళ్ళయిందా సునామీ వచ్చి, నేను జనం నోట విన్నానే తప్ప ఆయన నోట వినలేదు. ఆ రోజు నా పేరు పెట్టి పిలిచాడంట బోటులో ఒక్కడే. చెప్పొద్దూ అప్పుడే?

నేను సంతోషించాననుకుంటున్నారా? భయపడి చచ్చాను. చావొస్తోందని తెలిసి మాట్లాడుతున్నాడనుకున్నాను. నేను పెట్టిన సున్నమే పుండై, పుండు ఇంకేదో అయి, పోయేముందు అన్నీ చెప్పుకుంటున్నాడని. కోపం కూడా వచ్చింది. చావు కనిపిస్తే గానీ పెళ్ళాం కనిపించలేదా నీకు? ఇన్నేళ్ళూ ఏటి చేశావు?

మూడో రోజు అడిగేశాను. క్యాంప్‌బెల్ బే సంగతేమిటని.

చెప్పాడు. కోపంగా కూడా కాదు. "నువ్వు కిళ్ళీ చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోతావు కదే. టీవీ పెట్టుకుంటావు. నేనిక్కడున్నా అక్కడున్నా నీకు తేడా ఏముంది? వాళ్ళకి మనిషి కావాలన్నారు, పేరిచ్చాను" అన్నాడు.

విన్నారా? నేను లోపలికెళ్ళిపోతానంట. నేను మాట్లాడనంట. ఆ మాటకి నాకు ఎంత మండిందంటే, చేతిలో గ్లాసు ఉంది, నేలకేసి కొట్టాను. స్టీలుది కాబట్టి సరిపోయింది.

ఏటి? ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉంటుందంటే?

కిళ్ళీనా? ఆరింటికి వస్తాడు. కాళ్ళు కడుక్కోగానే ఒకటి. అది అన్నం దాకా ఉంటుంది. అన్నం తిన్నాక ఇంకోటి. పడుకునేముందు ఉమ్మేస్తాడు, తొమ్మిదింటికి. పొద్దున్న నాలుగున్నరకి లేచి వెళ్ళిపోతాడు. ఆదివారాలు మధ్యాహ్నం కూడా ఒకటి.

అంటే ఇంట్లో ఉన్నంతసేపూ...

అన్నం తినేటప్పుడు తప్ప.

బోటు మీద? బోటు మీద తినడు. డ్యూటీలో ఉమ్మడానికి లేదు, సముద్రంలో ఉమ్మితే అక్కడ ఊరుకోరు.

ఒక్క నిమిషం ఆగండి డాక్టరమ్మా. రాయకండి. ఆగండి.

నోట్లో కిళ్ళీ ఉంటే మనిషి ఏమంటాడు? ఊఁ అంటాడు. ఇంకేమనగలడు, నోరు తెరిస్తే రసం కారదూ?

మా అత్త నేర్పింది నాకు. కాపురానికొచ్చిన మూడో రోజు. మా మామ ఇంటికొస్తే అరుపులూ కేకలూనంట, ఈవిడ కిళ్ళీ కనిపెట్టిందంట. "గుమ్మం ఎక్కగానే చేతిలో పెట్టెయ్యి, నోరు నిండి ఉంటే ఇల్లు చల్లగా ఉంటుంది" అని ఆకు ఎలా మడవాలో చేయి పట్టుకుని చూపించింది. మంచి పాఠమనుకున్నాను. ఆవిడ మొగుడు అరిచేవాడు కాబట్టి ఆవిడకది మందు. నా మొగుడు ఎప్పుడరిచాడు? మొదటి వారం ఈయన వాగుతూనే ఉండేవాడు, ఇప్పుడు గుర్తొస్తోంది. జెట్టీ కబుర్లు, చేపల కబుర్లు. నేను కొత్త పెళ్ళికూతుర్ని, అత్త చెప్పింది కదా అని తెచ్చి పెట్టేసేదాన్ని. మాట మధ్యలో. మంచి పెళ్ళాన్నని అనిపించుకోవాలని.

నేను ఎవర్ని తిట్టాలిప్పుడు? అత్త పోయి పదేళ్ళయింది.

నీళ్ళొద్దు. నేను ఏడవట్లేదు. కోపం వస్తే నా కళ్ళు ఇలాగే అవుతాయి.

సున్నం సంగతి ఆయనకి తెలుసన్నమాట అయితే. మొదటి రోజే తెలుసు. నాలిక మీద పెట్టగానే తెలిసిపోతుంది, ఇన్నేళ్ళు తిన్నవాడు. తెలిసి తిన్నాడు పదకొండు రోజులు. తెలిసే మీతో, నేనే చుట్టుకున్నానని చెప్పాడు. నా మీదకి రాకుండా. చూశారా ఈ మనిషి చేసే పని? నన్నొక మాట అనడు, నా తప్పు కూడా తనే మింగుతాడు. దీన్నేమంటారు మీ ఊళ్ళో? నాకైతే తల పగలగొట్టాలనుంది.

ఎన్ని రోజుల్లో తగ్గుతుందన్నారు? రెండు వారాలా. క్యాన్సర్ కాదు కదా? గట్టిగా చెప్పండి. రెండు వారాలకీ మచ్చ ఉంటే ముక్క తీసి చూస్తారా. సరే, తీసుకొస్తాను. ఉప్పునీళ్ళు రోజుకి నాలుగుసార్లు, కారం వద్దు, వేడి వద్దు, ఈ జిగురు మందు తిన్నాక రాయాలి, విరిగిన పన్ను అంచు అరగదీస్తారు. అర్థమైంది. కిళ్ళీ?

తగ్గేదాకా వద్దు అని రాస్తున్నారా? అలా రాయకండి. తగ్గాక మళ్ళీ చెయ్యి చాపుతాడు. ఎప్పటికీ వద్దు అని రాయండి. పోకచెక్కే చెడ్డదంటున్నారు కదా మీరు, మరి ఇంకేం, ధైర్యంగా రాయండి. ఇంగ్లీషులో వద్దు, హిందీలో రాయండి, పెద్ద అక్షరాలతో. ముద్ర కూడా వెయ్యండి. ఆయన సర్కారీ మనిషి, కాగితం మీద ముద్ర ఉంటే నడిసముద్రంలో కూడా బోటు ఆపేస్తాడు. నేను వద్దంటే వినడు. అసలు నేనెప్పుడు వద్దన్నాను కనక?

సున్నం పెట్టానని చెప్పమంటారా? ఆయనకి తెలుసని ఇప్పుడే కదా తేలింది. చెప్పాల్సింది అది కాదు.

ఇంకోటుంది. తలుపు వంక చూస్తున్నాను, వచ్చేస్తాడేమోనని.

ఇవాళ పొద్దున్న బస్సులో. ప్రోతరాపూర్ దగ్గర జనం దిగారు, పక్కపక్కన సీటు దొరికింది. కిటికీ వైపు నన్ను కూర్చోబెట్టాడు. బుగ్గ చేత్తో పట్టుకుని, మాట సరిగా పలకట్లేదు, అయినా అడిగాడు. "సోమవారం లోపల పేరు వెనక్కి తీసుకోవచ్చంట. వెళ్ళమంటావా, వద్దంటావా?"

నన్ను అడిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో నన్నొక మాట అడగడం అదే మొదలు. ఇంట్లో ఏ రంగు వేయించాలో కూడా అడగలేదు ఎప్పుడూ.

నా కడుపులో ఎన్ని మాటలున్నాయనుకున్నారు? వెళ్ళకురా బాబూ అని ఉంది. వెళ్తే కాళ్ళిరగ్గొడతానని ఉంది. బుల్లమ్మ నోట విన్నానే, నీకు సిగ్గు లేదా అని ఉంది. సున్నం నేనే రాశాను, నన్ను కొట్టు అని ఉంది. అన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి.

మీ ముందు ఇంతసేపటినుంచి వాగుతున్నాను కదా. ఆయన ముందు నేనేమన్నానో తెలుసా?

ఊఁ అన్నాను.

అంతే. ఊఁ అని కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన "సరే అయితే" అన్నాడు. వెళ్ళమన్నాననుకున్నాడు. నేను కూడా దిద్దలేదు.

అదిగో, చెప్పుల చప్పుడు. ఆయనే. ఆ కాగితం ఇలా ఇవ్వండి, ముద్ర ఆరనివ్వండి. బయటికెళ్ళాక చెప్తానో లేదో నాకు తెలీదు డాక్టరమ్మా. ఆయనకైతే కిళ్ళీ అడ్డమొచ్చింది.

నా నోట్లో ఏముందని?